అంతరిక్ష సినిమా హీరోకు తొలినాళ్ల కథ రాయడం ఎలా?

ముందు నోట్‌బుక్ పట్టుకొని సినిమా చూడండి. హీరో తన గతం గురించి అన్న ప్రతి మాటనూ, అది వచ్చిన నిమిషంతో సహా రాసుకోండి. పక్కనే ఇంకో వరుస పెట్టండి: సినిమాలో అతనికి మొదటిసారి తెలిసిన సంగతులు. అసలు కీలకం ఈ రెండో వరుసే. అందులోది ఏదైనా మీ కథలో అతనికి ముందే తెలిస్తే, తెర మీద అతను పడ్డ ఆశ్చర్యం అబద్ధమైపోతుంది.

తర్వాత వయసు. 1977 నాటి స్టార్ వార్స్ సినిమాలో రాకుమారి లేయాకు 19 ఏళ్లు. 2017లో వచ్చిన క్లాడియా గ్రే నవల ఆమెను 16 ఏళ్ల అమ్మాయిగా చూపింది. టీనేజీ పాఠకులకు ఆ మూడేళ్ల ఎడం చాలు. పుట్టుక నుంచి మొదలుపెడితే జీవితచరిత్ర అవుతుంది.

హీరో చావడని చదివేవాళ్లకు ముందే తెలుసు. అందుకే ప్రమాదాన్ని సినిమాలో కనిపించని మనిషి మీద పెట్టండి: దోస్తు, అక్క, పని నేర్పిన మెకానిక్. వాళ్లు ఏమయ్యారన్న బెంగే పేజీ తిప్పిస్తుంది. మచ్చకూ మారుపేరుకూ తుపాకీకీ అన్నిటికీ కారణం చెప్పొద్దు. ఒక్కదానికి చెప్పండి, గట్టిగా.

పరాయి గ్రహాన్ని వర్ణించడానికి తెలిసిన చోట్లే వాడాలి. ఎనుమాముల మార్కెట్లో మిర్చి ఘాటు, కాజీపేట జంక్షన్‌లో అర్ధరాత్రి అనౌన్స్‌మెంట్లు వరంగల్ పిల్లలకు కొత్త కాదు. అంతరిక్ష రేవులో గొంతు మంట, వినీ వినపడని పిలుపులు అక్కడి నుంచే తెచ్చుకోవచ్చు.

పాత్రల హక్కులు సినిమా తీసినవాళ్లవి. అచ్చువేసి అమ్మాలంటే రాతపూర్వక అనుమతి తీసుకోండి.