అండమాన్‌లో ఆరు రాత్రులు: పడవల టైము చూసి ప్లాన్ వేసుకోవడం ఎలా?

అండమాన్ వెళ్లొచ్చినవాళ్లను అడిగితే ఫోన్ తీసి ఫొటోలు చూపిస్తారు. ఏ రాత్రి ఎక్కడ పడుకున్నారు, ఏ పడవ ఎన్నింటికి ఎక్కారు అంటే మాత్రం "అదంతా ఏజెంటే చూసుకున్నాడు" అంటారు. ఏజెంటు లేకుండా వెళ్లాలనుకునేవాళ్లకు కావలసింది సరిగ్గా ఆ సమాచారమే. ఊటీ, కొడైకెనాల్ వెళ్లినట్టు చూడాల్సినవన్నీ రాసుకుని, ఒక్కోటీ చూసుకుంటూ పోతామంటే ఇక్కడ కుదరదు. ఒక దీవి నుంచి ఇంకో దీవికి పడవే దారి. ఆ పడవ కుదిరిన టైముకే మన రోజు మొదలవుతుంది.

1. ముందు నెల ఖాయం చేసుకోండి

జనవరి నుంచి ఏప్రిల్ వరకు సముద్రం మామూలుగా నెమ్మదిగా ఉంటుంది. మే రెండో సగంలో నైరుతి రుతుపవనాలు వచ్చేస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య గాలులు, తుపాన్లు. వానాకాలంలో హోటల్ గదులు చవగ్గా దొరికే మాట నిజమే. కానీ పడవలు రద్దయి రెండు రోజులు గదిలోనే కూర్చుంటే ఆ చవక ఏమైనట్టు? పిల్లల వేసవి సెలవులే దిక్కయితే ఏప్రిల్ ఆఖరు, మే మొదటివారం దాటనివ్వకండి. ఎండ, ఉక్క బాగానే ఉంటాయి, అయినా విజయవాడ మే నెలను చూసినవాళ్లకు అదో లెక్క కాదు.

2. మూడే మజిలీలు పెట్టుకోండి

మ్యాపు చూస్తే దీవులు వందల్లో ఉంటాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకు పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్ చాలు. ప్రభుత్వం 2018లో హావ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌కు షహీద్ ద్వీప్ అని పేర్లు మార్చింది. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ కాస్తా శ్రీ విజయపురం అయింది. టికెట్ల మీద కొత్త పేర్లు కనిపించవచ్చు, జనం నోట మాత్రం ఇప్పటికీ పాతవే. బుక్ చేసేటప్పుడు ఇవి వేరే దీవులేమోనని కంగారు పడకండి.

ఈ మూడూ త్రికోణంలా ఉంటాయి. పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కు ప్రైవేటు పడవలో గంటన్నర, రెండు గంటలు. హావ్‌లాక్ నుంచి నీల్‌కు ఒక గంట అనుకోండి. అక్కడి నుంచి మళ్లీ పోర్ట్ బ్లెయిర్. వెళ్లిన దారినే వెనక్కి రాకుండా ఇలా చుట్టి వస్తే ఒక పడవ టికెట్టు, ఒక పూట మిగులుతాయి.

3. తిరుగు విమానం దగ్గర్నుంచి వెనక్కి లెక్కపెట్టండి

నేను చెప్పేవాటిలో ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఇది గుర్తుంచుకోండి. మేం మొదటిసారి వెళ్లినప్పుడు ఆఖరి రాత్రి నీల్‌లో పెట్టుకున్నాం. పొద్దున్నే పోర్ట్ బ్లెయిర్‌కు పడవ, అక్కడి నుంచి మధ్యాహ్నం విమానం. కాగితం మీద చూస్తే మధ్యలో మూడు గంటల వ్యవధి. ఆ పొద్దున ఆరింటికి జెట్టీకి వెళ్తే గాలి ఎక్కువగా ఉంది, పడవ లేదన్నారు. తర్వాతిది ఎప్పుడో అక్కడెవరికీ తెలియదు. మా ఆవిడ సూట్‌కేసు మీద కూర్చుని, "ఇంకో రోజు ఉందామని నేను ముందే అన్నానా లేదా" అంది. అన్నమాట నిజమే. నాలుగు విమానం టికెట్ల డబ్బు సముద్రంలో కలిసింది.

అందుకని ఆఖరి రాత్రి కచ్చితంగా పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండేలా చూసుకోండి. ఆ ఊళ్లో చూడాల్సినవి కొన్ని ఆ రోజుకే అట్టేపెట్టండి. పడవ ఆలస్యమైతే అవే పోతాయి, విమానం దక్కుతుంది.

స్కూబా డైవింగ్ చేసేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. నీళ్ల అడుగుకు వెళ్లొచ్చాక కనీసం 18 గంటలు, వీలైతే 24 గంటలు విమానం ఎక్కకూడదు. లోతులో ఒత్తిడి వల్ల రక్తంలో కలిసిన నైట్రోజన్ పూర్తిగా బయటికి పోకముందే పైకి ఎగిరితే, అది బుడగలు కట్టి ప్రాణం మీదికి తెస్తుంది. డైవింగ్‌ను హావ్‌లాక్‌లో రెండో రోజుకు పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

4. కాగితం మీద గళ్లు గీయండి

ఫోన్లో కాదు, ఒక తెల్లకాగితం తీసుకుని రోజుకో అడ్డగీత గీయండి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి బస అని నాలుగు గళ్లు పెట్టండి. ముందు విమానాలు రాయండి, తర్వాత పడవలు, తర్వాత బసలు. చూసేవి ఖాళీ మిగిలిన గళ్లలోకే రావాలి. మాకు రెండోసారి కుదిరిన వరస ఇది:

మొదటి రోజు పోర్ట్ బ్లెయిర్‌లో దిగి సెల్యులార్ జైలు. రెండో రోజు పొద్దున పడవలో హావ్‌లాక్, సాయంత్రం రాధానగర్ బీచ్. మూడో రోజు డైవింగ్, లేదా ఎలిఫెంట్ బీచ్. నాలుగో రోజు తెల్లవారుజామున కాలాపత్థర్ బీచ్, తర్వాత పడవలో నీల్, సాయంత్రం లక్ష్మణ్‌పూర్ బీచ్. అయిదో రోజంతా నీల్. ఆరో రోజు పొద్దున పడవలో పోర్ట్ బ్లెయిర్, రాత్రి అక్కడే. ఏడో రోజు విమానం.

హైదరాబాద్, చెన్నైల నుంచి నేరుగా విమానాలున్నాయి. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది గానీ రెండున్నర, మూడు రోజులు పడుతుంది. అది పైగా రోజూ ఉండదు. వారం సెలవు పెట్టుకున్నవాళ్లు దాని జోలికి పోవద్దు.

5. ముందు పడవ, తర్వాతే హోటల్

చాలామంది ఇక్కడే తలకిందులు చేస్తారు. ఆఫర్ ఉందని గది ముందే బుక్ చేసి, తర్వాత పడవ చూస్తే ఆ రోజు సీట్లుండవు. డిసెంబరు ఆఖరులో, సంక్రాంతి సెలవుల్లో అయితే మరీను. పడవ టికెట్లు చేతికొచ్చాకే గదులు తీసుకోండి, అదీ తేదీ మార్చుకునే వీలున్నవి.

ప్రైవేటు పడవలు ఏసీ హాలులా మూసి ఉంటాయి. ప్రభుత్వ పడవలు చవక, నెమ్మది. వాటిలో డెక్ మీదికెళ్లి గాలి పీల్చుకోవచ్చు. వాంతులు అయ్యేవాళ్లకు ఆ గాలే మందు. మూసిన పడవే ఎక్కాల్సి వస్తే మధ్యలోనో వెనకో సీట్లు అడగండి, ముందు భాగం ఎక్కువ ఎగిరెగిరి పడుతుంది. డాక్టరును అడిగి తెచ్చుకున్న మాత్ర పడవ కదలడానికి అరగంట, గంట ముందు వేసుకోవాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే దానితోపాటు ఇడ్లీ కూడా బయటికొస్తుంది. మా అత్తయ్యగారి అనుభవం. టికెట్‌లో ఉన్న పేరుతో గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకుని, గంట ముందే జెట్టీలో ఉండండి.

6. రోజును సూర్యుడితో, ఆటుపోట్లతో సరిచూసుకోండి

గడియారం మనదే అయినా ఆ దీవులు బాగా తూర్పున ఉన్నాయి. చలికాలంలో సాయంత్రం అయిదింటికే పొద్దు కుంకుతుంది. మధ్యాహ్నం భోంచేసి కాసేపు కునుకు తీసి వెళ్దామంటే బీచ్‌కు చేరేసరికి చీకటే. హావ్‌లాక్ జెట్టీ నుంచి రాధానగర్ 12 కిలోమీటర్లు. మూడున్నరకల్లా అక్కడుంటే స్నానం చేసి, పడమటికి తిరిగి కూర్చుని సూర్యాస్తమయం చూడొచ్చు. కాలాపత్థర్ తూర్పు వైపు, అది తెల్లవారుజాముకు. నీల్‌లోనూ అంతే, సూర్యోదయానికి సీతాపూర్, సాయంత్రానికి లక్ష్మణ్‌పూర్.

పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు అన్నది ఇంకా ముఖ్యం. నీల్‌లో సముద్రం తొలిచిన రాతి వంతెన ఒకటుంది. నీళ్లు వెనక్కి తీసినప్పుడే దాని కిందికి నడిచి వెళ్లగలం. రాళ్ల మధ్య గుంటల్లో నీళ్లు మిగిలిపోయి, అందులో చిన్న చిన్న చేపలు, పీతలు తిరుగుతుంటాయి. పిల్లలు గంటసేపు అక్కడి నుంచి కదలరు. పోటు సమయంలో వెళ్తే కనిపించేది నీళ్లే. ఈ టైము రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి నిరుడు వెళ్లినవాళ్లు చెప్పింది పనికిరాదు. హోటల్లో రాత్రే అడిగి పెట్టుకోండి. పాదాలకు గట్టి చెప్పులు ఉండాలి, ఆ రాళ్లు కోసేస్తాయి.

హావ్‌లాక్ తూర్పు తీరంలో బీచ్ ఎదురుగా అని ఎక్కువ డబ్బు తీసుకునే రిసార్టులున్నాయి. పాటు సమయంలో అక్కడ నీళ్లు చాలా దూరం వెళ్లిపోయి రాళ్లు, పగడపు ముక్కలు బయటపడతాయి. చూడ్డానికి బాగుంటుంది, ఈతకు పనికిరాదు. ఈత కోసమే అయితే ఆ డబ్బు రాధానగర్‌కు ఆటోలకు పెట్టండి. మొసళ్లున్నాయని బోర్డు ఉన్నచోట మాత్రం మోకాలి లోతు కూడా వద్దు.

7. ఏది వదిలేయాలో ముందే అనుకోండి

బారాటాంగ్ దీవిలోని సున్నపురాయి గుహల గురించి ప్రతి ఏజెంటూ చెబుతాడు. తెల్లవారుజామున మూడున్నర, నాలుగింటికి బయల్దేరి జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర కాన్వాయ్, అంటే బండ్లన్నీ కలిసి వెళ్లే వరస, అందుకోవాలి. ఆ దారి జారవా గిరిజనుల అడవి మధ్య నుంచి పోతుంది. బండి ఆపడం, ఫొటో తీయడం నేరం. అయినా కిటికీలకు ముఖాలు అంటించి మనుషుల కోసం వెతికేవాళ్లను చూశాక మళ్లీ వెళ్లాలనిపించలేదు. ఆ రోజును నీల్‌కు ఇచ్చేశాం.

సెల్యులార్ జైలు మాత్రం వదలకండి. 1906లో కట్టడం పూర్తయిన ఈ జైలుకు కొమ్మల్లాంటి వింగులు ఏడుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. అల్లూరి అనుచరుడు గాం మల్లుదొరను ఈ అండమాన్‌కే పంపారు. ఆయనే 1952లో విశాఖ నుంచి లోక్‌సభకు వెళ్లారు. జైలు నుంచి అబర్డీన్ బజారుకు ఆటో ఎక్కితే డ్రైవరుతో ఒకసారి తెలుగులో మాట్లాడి చూడండి. 2011 లెక్కల ప్రకారం ఈ దీవుల్లో వందకు 13 మంది మాతృభాష తెలుగే. మాకు దొరికినాయన శ్రీకాకుళం యాసలో చేపల మార్కెట్ దారి చెప్పి, "ఉదయం ఆరింటికెల్లండి బాబూ, తర్వాత మంచివుండవు" అన్నాడు.

8. సామాన్లు

పడవ మారిన ప్రతిసారీ పెట్టెలు మీరే మోయాలి. మనిషికో చిన్న సంచి మేలు. సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు కాబట్టి టికెట్లు ప్రింట్ తీసుకోండి. హావ్‌లాక్, నీల్‌లలో ఏటీఎంలు తక్కువ, నగదు పోర్ట్ బ్లెయిర్‌లోనే తీసుకోండి. తిరుగు ప్రయాణానికి సర్దేటప్పుడు పిల్లల నిక్కరు జేబులు తిరగేసి చూడండి. పగడాలు, గవ్వలు తీసుకెళ్లనివ్వరు, విమానాశ్రయంలో పట్టుకుంటారు. మా చిన్నదాని జేబులోంచి హోటల్ గదిలోనే పదకొండు ముక్కలు రాలాయి. మళ్లీ ఆటో చేసుకుని బీచ్‌కు వెళ్లి వదిలేసి వచ్చాం.