బ్రేకుల్లో గాలి తీసే ముందు జాగ్రత్తలు

బండిని చదునైన నేల మీద ఆపి, ఎత్తని చక్రాలకు ముందూ వెనకా చెక్కదిమ్మెలు పెట్టండి. ఒక్క జాకీని నమ్మి కిందకి దూరకండి. స్టాండ్లు ఉండాల్సిందే.

బండిలో బ్రేక్ ఆయిల్ పోసే డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఉంటుంది, ఆ రకమే కొనండి. డాట్ 5 సిలికాన్ రకం, వీటితో కలపకూడదు. సీలు తీయని సీసానే వాడండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ త్వరగా మరుగుతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు అందులో ఆవిరి పుడితే పెడల్ మెత్తగా కిందకి పోతుంది. అందుకే నిప్పిల్ (చక్రం దగ్గర బ్రేకుకు ఉండే, గాలి తీసే చిన్న స్క్రూ) నుంచి వచ్చిన ఆయిల్ ఎంత తేటగా కనిపించినా తిరిగి పోయకండి.

కళ్లద్దాలు, గ్లౌజులు పెట్టుకోండి. పెయింట్ మీద ఆయిల్ పడితే వెంటనే నీళ్లతో కడగండి.

పెడల్ తొక్కే మనిషితో ముందే మాట అనుకోండి: మీరు నిప్పిల్ మూసి "బిగించాను" అనేదాకా కాలు తీయకూడదు. తీస్తే గాలి మళ్లీ లోపలికే పోతుంది. డబ్బాలో ఆయిల్ మినిమమ్ గీత దాటి దిగనివ్వకండి.

నిప్పిల్ తుప్పు పట్టి ఉంటే బలవంతం వద్దు, విరిగిపోతుంది. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) యూనిట్‌లో గాలి చేరిందని అనుమానం వస్తే స్కానర్ ఉన్న మెకానిక్‌కే అప్పగించండి.

పెడల్ గట్టిగా నిలబడేదాకా బండిని కదపకండి.