బాల్ పైథాన్‌కు ఆకలేసిందని ఎలా గుర్తించాలి?

డిసెంబరు వచ్చేసరికి ఒడిశాలోని కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో బాల్ పైథాన్ (ఇంట్లో పెంచుకునే ఒక రకం కొండచిలువ) పెంచేవాళ్లకు ఒకటే టెన్షన్. నెల కిందటి వరకు ఎలుకను చూడగానే పట్టేసిన పాము ఇప్పుడు ముఖం తిప్పుకుంటుంది. జబ్బు చేసిందేమో అని కంగారు పడేముందు దాని పెట్టెలో థర్మామీటర్ పెట్టి చూడండి.

ఇది పశ్చిమ, మధ్య ఆఫ్రికా పాము. పెట్టెలో ఒక పక్క 31 నుంచి 33 డిగ్రీలు, రెండో పక్క 25 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. కోరాపుట్ కొండల మీద చలికాలం రాత్రుళ్లు 10 డిగ్రీల దగ్గరకు దిగిపోతుంది. ఒంట్లో వేడి లేకపోతే మింగింది అరగదు, పాము కక్కేస్తుంది. కక్కడం దానికి చాలా ప్రమాదం. అందుకే థర్మోస్టాట్ (వేడిని అదుపులో ఉంచే పరికరం) ఉన్న హీట్ మ్యాట్, అంటే కరెంటుతో వేడెక్కే చాప లేకుండా ఆ కాలంలో మేత పెట్టకండి. కరెంటు పోయిన రాత్రి కూడా వద్దు.

వేడి సరిపోయిందా? ఇప్పుడు కళ్లు చూడండి. నీలంగా, మసకగా ఉండి, ఒళ్లు వెలిసిపోయినట్టు కనిపిస్తే కుబుసం విడవబోతోందని అర్థం. అప్పుడు చాలా పాములు తినవు, పైగా చిరాగ్గా ఉంటాయి. కుబుసం పూర్తిగా విడిచాక ఒకట్రెండు రోజులు ఆగి పెట్టండి. కొత్తగా తెచ్చిన పామునైతే వారం రోజులు ముట్టుకోకుండా వదిలేయండి.

అసలు గమనించాల్సింది సాయంత్రం చీకటి పడ్డాక. పగలు గూట్లో చుట్టుకొని పడుకునే పాము, ఆకలైతే గూటి గుమ్మంలోకి తల పెట్టి కదలకుండా కూర్చుంటుంది. మాటు వేసి వేటాడడం దాని పద్ధతి. కొన్ని పెట్టంతా తిరుగుతాయి. నాలుక తాపీగా, ఆగకుండా ఆడుతుంది. గాజు అవతల మీరు నడుస్తుంటే తల మీ వెంటే తిరుగుతుంది. పై పెదవి మీదున్న గుంటలతో అది వేడిని పసిగడుతుంది కాబట్టి, ఆ సమయంలో ఉత్త చెయ్యి లోపల పెట్టకండి. మెడ మెలిక తిప్పి వెనక్కి లాక్కున్నంత మాత్రాన ఆకలనుకోవద్దు, భయపడినా అలాగే చేస్తుంది. బుస కొడుతున్నా, తలను చుట్టలో దాచేసుకున్నా అది భయమే. పెట్టె మూసి వచ్చేయండి. బలవంతంగా ఎలుకను మూతి దగ్గర ఊపితే మేతంటేనే బెదిరిపోతుంది.

ఎలుక లావు పాము నడుము లావును మించకూడదు. ఫ్రీజర్‌లోది అయితే ముందు ఫ్రిజ్‌లో కరగనిచ్చి, తర్వాత వేడినీళ్లలో ఉంచి, ఒళ్లంతా గోరువెచ్చగా అయ్యాక తుడిచి, పొడవాటి పటకారుతో అందించండి. బతికున్న ఎలుక వద్దు. పామును కొరికి పుండ్లు చేస్తుంది. అరగంటలో పట్టుకోకపోతే తీసేయండి, మళ్లీ వారం తర్వాతే. తిన్నాక 48 గంటలు పామును ఎత్తుకోవద్దు.

పిల్లలకు వారానికోసారి, పెద్దవాటికి రెండు నుంచి నాలుగు వారాలకోసారి మేత చాలు. పెద్ద పాము, ముఖ్యంగా మగది, చలికాలంలో నెలల తరబడి తినకపోవడం మామూలే. కిచెన్ కాటా మీద నెలకోసారి తూచి రాసుకోండి. బరువు పదో వంతు తగ్గినా, నోట్లోంచి చొంగ కారుతున్నా, ఊపిరి తీస్తుంటే చప్పుడు వస్తున్నా డాక్టర్‌కు చూపించాలి. పాములు చూసే పశువైద్యులు మన వైపు తక్కువ. బరంపురమో భువనేశ్వరో విశాఖో బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

మరో మాట. పొలం గట్టున దొరికిన మన కొండచిలువ పిల్లను ఇంటికి తేకండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. బాల్ పైథాన్ పెంచేవాళ్లు కూడా 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో దాన్ని నమోదు చేయించాలి.