"ఇంకేంటి విశేషాలు" దగ్గరే మాట ఆగిపోతుంటే

సమస్య ఇలా ఉంటుంది. ఫోన్ చేస్తారు. "ఎలా ఉన్నారు?" "బాగున్నాం." "ఇంకేంటి విశేషాలు?" "ఏం లేవు, మీరే చెప్పాలి." "ఇక్కడా ఏం లేవు." "సరే, ఉంటా మరి." నలభై సెకన్లు. పెళ్లిలో పక్క కుర్చీవాళ్లతో అయితే ఇంకా తొందరగా తేలిపోతుంది, మంచినీళ్లు తాగొస్తామని లేచి మళ్లీ రారు.

ముందు మీ చేతిలో ఫోన్ ఉందేమో చూసుకోండి. నవ్వకండి. నన్ను అడిగినవాళ్లలో చాలామంది "చూడట్లేదండీ, ఊరికే పట్టుకున్నా" అంటారు, ఎదుటివాళ్లకి ఆ తేడా ఎలా తెలుస్తుంది? జేబులో పెట్టండి. ఇది చేయనివాళ్లు కింద చదవడం దండగ.

తర్వాత మీరడిగే ప్రశ్న. "బాగున్నారా" అంటే "బాగున్నాం" తప్ప ఏమొస్తుంది, అది పలకరింపు. పోయినసారి వాళ్లు చెప్పిన ఒక్క విషయం పట్టుకోండి. "అత్తా, మేడ మీంచి నీళ్లు కారుతున్నాయన్నావు, బాగుచేయించారా?" ఇక పది నిమిషాలు మేస్త్రీని తిట్టడంతోనే గడిచిపోతుంది.

ఈ రెండూ సరిగ్గానే ఉన్నా అవతలివాళ్లు "సర్లే" అని ముగించేస్తున్నారంటే, అసలు దొంగ వేరే ఉన్నాడు. వాడి వల్ల నాకు బాగానే తగిలింది.

మోకాలి ఆపరేషన్ అయ్యాక మా బాబాయిని చూడటానికి వెళ్లాను. "రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదురా, కాలు ఎటు పెట్టినా..." అంటుండగానే నేను "అవును బాబాయ్, మా మామగారికీ అంతే" అని అందుకుని, ఆయన ఆస్పత్రి, బిల్లు, ఫిజియోథెరపీ అన్నీ ఏకరువు పెట్టాను. ధైర్యం చెబుతున్నాననే అనుకున్నా. బాబాయి "ఓహో" అన్నాడు, మళ్లీ "ఓహో" అన్నాడు, చివరికి "కాఫీ తాగావా?" అన్నాడు. బయట చెప్పులేసుకుంటుంటే పిన్ని అడిగింది: "మొన్న బాత్‌రూమ్‌లో జారిపడబోయి బాగా భయపడ్డాడురా, నీకు చెప్తానన్నాడే, చెప్పలేదా?"

చార్ల్స్ డెర్బర్ అనే అమెరికన్ సోషియాలజిస్టు 1979లోనే దీన్ని విడదీసి చూపించాడు: మనమిచ్చే జవాబు మాటని వాళ్ల దగ్గరే ఉంచుతుంది, లేదా మనవైపు లాక్కుంటుంది. లాక్కున్నప్పుడు చెడు ఉద్దేశం ఉండక్కర్లేదు, అందుకే ఇది మనకి దొరకదు. దానికి తోడు కంగారొకటి. 2009లో అచ్చయిన ఒక పరిశోధనలో పది భాషల్లో ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఖాళీ కొలిస్తే సగటున సెకనులో ఐదోవంతే వచ్చింది. అంత వేగానికి అలవాటుపడ్డ మనకి ఒక్క సెకను మౌనమే బరువు, దాన్ని నింపడానికి ముందు నోటికొచ్చేది సొంత కథే.

ఈ లాక్కునే అలవాటు మీకుందో లేదో తేల్చుకోవడం తేలిక. ఇంటికొచ్చాక, వాళ్ల గురించి ఇవాళ కొత్తగా తెలిసినవి మూడు చెప్పండి. చెప్పలేకపోతే ఉన్నట్టే.

"మాకూ అంతే" అని నోటిదాకా రాగానే మింగేసి, వాళ్లు చివర్లో అన్న మాటలోంచే ఒకటి అడగండి. "ఎటు పెట్టినా అంటే, పక్కకి తిరిగి పడుకున్నా నొప్పేనా బాబాయ్?" అలాంటివి రెండయ్యాక మామగారిని తీసుకురావచ్చు, అదీ ఒక్క వాక్యంలో. అసలు మీ సంగతే ఎత్తకపోతే మాత్రం పోలీసు విచారణలా ఉంటుంది, అటూ పోకండి. మొదట్లో నాటకంలా అనిపిస్తుంది, అనిపించనీయండి. రెండోసారి వెళ్లినప్పుడు బాత్‌రూమ్ సంగతి బాబాయే చెప్పాడు, ఆ సాయంత్రమే గోడకి పట్టుకునే రాడ్ బిగించాం.

మిగతా కారణాలు అరుదు. పెద్దవాళ్లకి వినపడట్లేదేమో, ఎదురుగా కూర్చుని మాట్లాడండి. సిగ్నల్ లేదేమో, తర్వాత చేయండి. మీరంటేనే ఇష్టం లేదేమో, వదిలేయండి.