డ్రమ్ముల మీద తేలే ఇల్లు: గోదావరి పాయల్లో సొంత ఇంటిపడవ

గోదావరి రేవుల్లో బళ్లను, మనుషులను దాటించే పంటును చూసే ఉంటారు. రెండు పడవలను ఎడంగా నిలిపి, అడ్డంగా దూలాలు వేసి, పైన బల్లలు పరిస్తే పంటు. సొంతంగా కట్టుకునే ఇంటిపడవకు ఇంతకు మించిన నమూనా లేదు. పడవల చోట నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ములు పేర్చాలి, అంతే తేడా. కింద చెప్పే లెక్క 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు డెక్‌కు, దాని మీద 14 అడుగులు × 8 అడుగుల గదికి. కోనసీమలో వశిష్ట, వైనతేయ పాయల్లో నీరు నిమ్మళంగా ఉండే చోట ఇద్దరు ఉండటానికి ఇది చాలు. పాపికొండల మధ్య ఒరవడికి మాత్రం పనికిరాదు.

ముందు బరువు తేల్చండి

ఇనుము కొనకముందే కాగితం మీద బరువు లెక్క పూర్తవ్వాలి. 200 లీటర్ల డ్రమ్ము పూర్తిగా మునిగితే 200 కిలోలకు కాస్త పైనే మోస్తుంది. సగం మునిగితే 100 కిలోలు. మీ లెక్క ఎప్పుడూ ఈ సగం మీదే వేయాలి. నీటిపైన మిగిలే సగం అలలకు, ఈదురుగాలికి, అందరూ ఒకే పక్కకు చేరిన క్షణానికి, ఒక డ్రమ్ములో నీరు చేరిన రోజుకు.

డ్రమ్ము పొడవు దాదాపు 3 అడుగులు. పడుకోబెట్టి వరుసకు 8 చొప్పున, కుడివైపు రెండు వరుసలు, ఎడమవైపు రెండు వరుసలు పెడితే 32 డ్రమ్ములు. సగం మునకలో అవి మోసేది 3,200 కిలోలు. అందులో ఖర్చయ్యేది ఇదీ:

డ్రమ్ముల సొంత బరువు 290 కిలోలు. 50×50×3 మి.మీ. చదరపు ఇనుప గొట్టాల చట్రం, సుమారు 112 మీటర్లు, 480 కిలోలు. డెక్‌కు 18 మి.మీ. ప్లైవుడ్ 8×4 షీట్లు సరిగ్గా 9 పడతాయి, 325 కిలోలు. గది, కప్పుతో కలిపి 350. మంచం, పొయ్యి, సామాను 150. నీళ్ల ట్యాంకు 300. బ్యాటరీలు, సోలార్ పలకలు 160. మోటారు, పెట్రోలు 70. లంగర్లు, మోకులు, లైఫ్ జాకెట్లు 75. మరుగుదొడ్డి 100. మొత్తం 2,300. చుట్టాలొచ్చి ఆరుగురైతే ఇంకో 450. అంటే 2,750.

మిగిలింది 450 కిలోలు. దాన్ని ముట్టుకోకండి. గదికి ఇటుక రంగు టైల్స్ వేద్దాం, పైన ఇంకో అంతస్తు లేపుదాం అనే ఆలోచనలు ఇక్కడే పుడతాయి. కప్పు మీదికి మనుషులు ఎక్కితే బరువు పైకి పోయి, పడవ ఒరిగినప్పుడు తిరిగి నిలబడే శక్తి తగ్గిపోతుంది. కప్పుకు నిచ్చెనే పెట్టకండి.

నీటిలోకి దించాక డ్రమ్ముల మీద నీటిమట్టం దగ్గర పెయింటుతో గీత గీయండి. ఈ కొలతల పడవ దాదాపు 420 కిలోలకు ఒక అంగుళం దిగుతుంది. సామాను ఏమీ పెంచకుండానే ఒక మూల గీత అరంగుళం మునిగిందంటే అక్కడి డ్రమ్ములో నీరు చేరుతోందని అర్థం. రోజూ పొద్దున్నే నాలుగు మూలలూ చూడటం ఐదు నిమిషాల పని.

డ్రమ్ములు

మూత మొత్తం ఊడివచ్చి, ఇనుప రింగుతో బిగించే రకం కొనకండి, రింగు సందులోంచి నీరు దిగుతుంది. పైన రెండు చిన్న మరమూతలుండే రకమే తీసుకోండి. పాత డ్రమ్మయితే అంతకుముందు అందులో ఏముందో అడిగి తెలుసుకోండి. పురుగుమందు, యాసిడ్ ఉన్నవి వద్దే వద్దు. ఇనుప డ్రమ్ము చవకగా దొరికినా వద్దు. సముద్రం పోటు నీరు తగిలే చోట త్వరగా తుప్పు పట్టి చిల్లులు పడుతుంది.

మూత మరలకు టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు చుట్టి, పైన పాలీయురెథేన్ సీలెంట్ రాయాలి. ఈ పని తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడే చేయండి. మిట్టమధ్యాహ్నం బిగిస్తే లోపలి వేడిగాలి నీళ్లలో చల్లబడి కుంచించుకుపోతుంది. డ్రమ్ము పొట్ట లోపలికి నొక్కుకుపోయి, మూత సందులోంచి నీటిని పీల్చుకుంటుంది. బిగించాక ఒక్కో డ్రమ్మును చెరువులో తొక్కిపట్టి బుడగలు వస్తున్నాయేమో చూడండి. చట్రంలో పెట్టేటప్పుడు రెండు మూతలూ ఒకే మట్టాన ఉండాలి, ఒకటి పైకి పోతే ఎదురుగా ఉన్న రెండోది నీటిలోకి దిగుతుంది.

ఒక్కో డ్రమ్ముకు 25×3 మి.మీ. జింకు పూత పట్టీలు రెండు. పట్టీకి, డ్రమ్ముకు మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్క తప్పనిసరి. లేకపోతే అల వచ్చిన ప్రతిసారీ పట్టీ అంచు రంపంలా కోస్తుంది, చిల్లు అక్కడే పడుతుంది. లారీ సామానుకు కట్టే పాలిస్టర్ బెల్టులు ఎండకు పెళుసుబారి తెగుతాయి. పట్టీల బోల్టులు డెక్ పైనుంచి విప్పేలా అమర్చుకుంటే తర్వాత మీకే సుఖం. ముందు వరుస డ్రమ్ములకు ఏటవాలుగా జింకు రేకు కొట్టండి, కొట్టుకొచ్చే మొద్దులు కిందికి జారిపోతాయి.

డ్రమ్ము మార్చాల్సి వస్తే ఆటుపోట్లు మీకు సాయపడతాయి. పోటు మీద పడవను మెత్తటి ఇసుక మేటకు చేర్చి, చట్రం కింద కొబ్బరి మొద్దులు పెట్టండి. నీరు తీశాక బరువు మొద్దుల మీద నిలుస్తుంది, డ్రమ్ము ఖాళీగా వేలాడుతుంది. పోటుకు, పాటుకు మధ్య సుమారు ఆరు గంటలు. నీరు బాగా తీసి మళ్లీ చేరేలోపు రెండు డ్రమ్ములు మార్చడానికి చాలినంత సమయం ఉంటుంది. మొద్దులు లేకుండా నేరుగా డ్రమ్ముల మీద కూర్చోబెడితే రాయి ఉన్నచోట పొట్ట పగులుతుంది.

చట్రం, డెక్, గది

ప్రతి 2 అడుగులకొక అడ్డదూలం, మూలల్లో ఐమూలగా బిగింపులు. వెల్డింగ్ అంతా డ్రమ్ములు పెట్టకముందే అయిపోవాలి. తుప్పు ముందుగా పట్టేది అతుకుల దగ్గర. వాటిని రుద్ది, రెడ్ ఆక్సైడ్ కాకుండా ఎపాక్సీ ప్రైమరు, దానిమీద రెండు పూతలు ఎపాక్సీ పెయింటు వేయండి. ప్లైవుడ్ మీద ఐ.ఎస్. 710 ముద్ర ఉండాలి. అది మెరైన్ గ్రేడు. అంతటి ప్లైవుడ్డు కూడా అంచుల్లోంచి నీరు తాగి ఉబ్బుతుంది. కోసిన ప్రతి అంచుకు, స్క్రూ దూరే ప్రతి రంధ్రానికి ఎపాక్సీ పట్టించి, షీట్ల మధ్య 3 మి.మీ. సందు వదలండి.

గదికి 40×40×2 మి.మీ. గొట్టాలు, 6 మి.మీ. ప్లైవుడ్ గోడలు, రేకు కప్పు చాలు. ఎదురెదురు గోడలకు పెద్ద కిటికీలు పెట్టండి, గాలి అడ్డు లేకుండా వెళ్లిపోతే పడవ తక్కువ ఊగుతుంది.

కట్టేసే చోటు

ఒడ్డున ఉన్న కొబ్బరిచెట్టుకు మోకు కట్టడం అందరూ చేసేదే. గట్టు కోతపడే చోట అదే చెట్టు ఒకరోజు మీ కప్పు మీద పడుతుంది. 3 అంగుళాల జింకు పూత గొట్టాలు రెండు నదీగర్భంలోకి గట్టిగా దించి, పడవకు వెల్డు చేసిన వదులు రింగులు వాటికి తొడగండి. పోటుకు పడవ దానంతటదే లేస్తుంది, పాటుకు దిగుతుంది. అర్ధరాత్రి లేచి మోకు వదులు చేసే బాధ ఉండదు. ప్రయాణంలో ఆగితే 15 కిలోల లంగరు, దానికి 3 మీటర్ల గొలుసు, నీటి లోతుకు కనీసం ఐదు రెట్లు మోకు. మోకు పొట్టిదైతే లంగరు నిలువుగా లాగబడి ఇసుకలోంచి ఊడివస్తుంది.

మోటారు 9.9 హార్స్‌పవర్ చాలు. కాలవల్లో గుర్రపుడెక్క ప్రొపెల్లర్‌కు చుట్టుకోవడం ఒక్కటే కాదు, చల్లబరిచే నీటి రంధ్రాన్ని మూసేస్తుంది. మోటారు వెనక సన్నగా చిమ్మే నీటిధార ఆగిందంటే ఆ క్షణమే ఇంజను ఆపాలి. 15 అడుగుల వెదురు గెడ ఎప్పుడూ డెక్ మీద ఉంచండి. మోటారు పెట్టే పడవకు 2021 నాటి ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం కింద సర్వే, రిజిస్ట్రేషన్ ఉంటాయి. కట్టకముందే కొలతల బొమ్మతో వెళ్లి అడిగితే తర్వాత కోసి మార్చే పని తప్పుతుంది.

రోజువారీ బతుకు

300 లీటర్లు ఇద్దరికి వాడకానికి నాలుగు రోజులు వస్తాయి. తాగడానికి ఒడ్డునుంచి క్యాన్లు తెచ్చుకోండి. నది నీరు తప్పకపోతే చిల్లగింజ అరగదీసి కలిపి, రాత్రంతా తేర్చి, పైనీరు వంచి బాగా మరిగించాలి. తేరుకున్నంత మాత్రాన నీటిలో క్రిములు పోవు.

రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఫోన్లకు రోజుకు సుమారు 800 వాట్ అవర్లు. 330 వాట్ల పలకలు రెండు, 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు రెండు పెడితే, బ్యాటరీని సగానికి మించి దించకుండా రెండు మబ్బు రోజులు గడుస్తాయి. బ్యాటరీలను పడవ నడిమధ్యన, గాలి తగిలే పెట్టెలో ఉంచండి.

గ్యాస్ సిలిండరు గదిలో వద్దు. వంటగ్యాస్ గాలికంటే బరువైనది, లీకైతే నేలమట్టంగా పేరుకుంటుంది. బయట డెక్ మీద, అడుగున రంధ్రాలున్న పెట్టెలో పెట్టండి.

మరుగుదొడ్డికి నీటిరకం పెట్టి నదిలోకి వదలకండి, దిగువ రేవులో పిల్లలు స్నానం చేస్తుంటారు. మూత్రం వేరే డబ్బాలోకి వెళ్లే పొడి మరుగుదొడ్డి పెట్టి, ప్రతిసారీ రెండు దోసిళ్ల కొబ్బరి పీచు పొట్టు చల్లండి. రెండూ కలిస్తేనే కంపు. నిండిన బకెట్టును బావులకు దూరంగా గోతిలో వేసి ఏడాది మగ్గనివ్వాలి.

వరద

జూలైలో ఎర్రనీరు దిగగానే రోజూ ధవళేశ్వరం లెక్క చూడండి. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటి హెచ్చరిక వచ్చేదాకా ఆగితే ఆలస్యమే, అప్పటికే నీరు 10 లక్షల క్యూసెక్కులు. మట్టం పెరుగుతోందని తెలియగానే పడవను ప్రధాన పాయ వదిలి పక్క పాయలోకి చేర్చి, నాలుగు మోకులతో కట్టి, మీరు ఒడ్డెక్కండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగింది వరద గోదావరిలోనే. మనది అంతకంటే ఎంతో తేలికైనది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను హెచ్చరికలకూ ఇదే పద్ధతి. దానికి తోడు సోలార్ పలకలు విప్పి పడుకోబెట్టండి, ట్యాంకు నిండుగా నింపండి. ఆ 300 కిలోలు డెక్ మీద అట్టడుగున ఉంటే పడవ గాలికి తక్కువ లేస్తుంది.