కంప్యూటరుతో పాటే మొదలయ్యే సర్వీసులను అదుపులో ఉంచుకునే పద్ధతి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధిలోని ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి నాలుగు జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్కు ఉన్న విండోస్ 10 కంప్యూటర్లు. పిల్లల చదువుకూ, ఒడియాలోనూ తెలుగులోనూ దరఖాస్తులు రాసుకోవడానికీ కొన్నవి. ఆన్ చేసి టీ తాగి వచ్చినా డిస్కు లైటు ఆగకుండా మినుకుతూనే ఉంటుంది. మనకు కనబడకుండా నడిచే సర్వీసులు ఇందుకు ఒక కారణం. అయితే ఎవరో ఇచ్చిన జాబితా చూసి వాటిని వరుసగా ఆపేయడం మాత్రం సరైన పద్ధతి కాదు.

ముందుగా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ పేజీ తెరవండి. అక్కడ ఉండేవి సర్వీసులు కావు, మనం లాగిన్ అయ్యాక మొదలయ్యే మామూలు ప్రోగ్రాములు. రోజూ వాడనివాటిని అక్కడే డిసేబుల్ చేయవచ్చు, దానివల్ల ప్రమాదం దాదాపు లేదు. చాలామందికి ఇంతటితోనే పని పూర్తవుతుంది.

సర్వీసులు అలాంటివి కావు, లాగిన్ కాకముందే మొదలవుతాయి. విండోస్ మీటతో పాటు ఆర్ నొక్కి, వచ్చిన పెట్టెలో సర్వీసెస్ డాట్ ఎమ్మెస్సీ అని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తే వాటి పట్టిక వస్తుంది. అందులో స్టార్టప్ టైప్ అనే వరుసను జాగ్రత్తగా చదవాలి. ఆటోమేటిక్ అంటే కంప్యూటరుతో పాటే మొదలయ్యేది. డిలేడ్ స్టార్ట్ అని కూడా ఉంటే, మిగతావన్నీ మొదలైన రెండు నిమిషాల తర్వాత మొదలయ్యేది. మాన్యువల్ అంటే అవసరమైన ప్రోగ్రాము అడిగినప్పుడు లేచేది. డిసేబుల్డ్ అంటే ఎవరు అడిగినా లేవనిది. కొత్తవారు డిసేబుల్డ్ జోలికి పోకుండా, మాన్యువల్‌తోనో డిలేడ్ స్టార్ట్‌తోనో సరిపెట్టుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. ఇంట్లో ప్రింటరు లేదు కదా అని ఒకసారి, ప్రింటు పనులను వరుసలో పెట్టి ప్రింటరుకు పంపే ప్రింట్ స్పూలర్‌ను డిసేబుల్ చేశాను. నెల తర్వాత మా అమ్మాయి స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపి, మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్ ద్వారా దాచుకోబోతే పని జరగలేదు. కాగితం అక్కరలేని ఆ పీడీఎఫ్ కూడా స్పూలర్ మీదనే ఆధారపడి ఉంటుందని అప్పుడు తెలిసింది. టచ్ కీబోర్డ్ అండ్ హ్యాండ్‌రైటింగ్ ప్యానెల్ సర్వీసు కూడా అటువంటిదే. తాకే తెర లేదని దాన్ని ఆపేస్తే స్టార్ట్ మెనూలో అక్షరాలు పడకపోవచ్చు, రెండు మూడు భాషల్లో టైపు చేసే మనవంటి ఇళ్లలో ఆ ఇబ్బంది చిన్నది కాదు.

కాబట్టి ఏ సర్వీసునైనా మార్చే ముందు దాని మీద రెండుసార్లు నొక్కి, డిపెండెన్సీస్ పేజీలో దాని మీద ఆధారపడినవి ఏవో చూడండి. బయటి కంపెనీలు పెట్టిన సర్వీసులను వేరుగా చూడాలంటే, విండోస్ మీటతో ఆర్ నొక్కితే వచ్చే ఆ పెట్టెలోనే ఎమ్మెస్ కాన్ఫిగ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి తెరిచి, సర్వీసెస్ పేజీలో మైక్రోసాఫ్ట్ సర్వీసులను దాచే గడిలో టిక్కు పెట్టండి. మిగిలినవాటిలో ఎప్పుడో తీసేసిన ప్రింటరు తాలూకువీ, అప్‌డేట్లు వెతికేవీ ఉంటే ముందు వాటినే, మొదట చెప్పిన సర్వీసుల పట్టికలో మాన్యువల్ చేయండి. మైక్రోసాఫ్ట్ సర్వీసులలో సిస్‌మెయిన్ ఒక్కటి, పాత డిస్కు ఉన్నవారు వారం రోజులు ఆపి చూడదగినది. తరచుగా వాడే ప్రోగ్రాములను ముందే ర్యామ్‌లోకి తెచ్చి ఉంచడం దాని పని గనుక, అవి తెరుచుకోవడం నెమ్మదిస్తే తిరిగి ఆన్ చేయాలి. డిఫెండర్, ఫైర్‌వాల్, విండోస్ అప్‌డేట్‌లను ముట్టుకోకూడదు. మొబైల్ హాట్‌స్పాట్ డేటా అప్‌డేట్లకే అయిపోతున్నదని బాధపడేవారు, సెట్టింగ్స్‌లో ఆ వైఫై పేరు కింద మీటర్డ్ కనెక్షన్, అంటే డేటాను పొదుపుగా వాడమని చెప్పే సెట్టింగు, ఆన్ చేస్తే చాలు.

ఒకసారికి ఒక్క సర్వీసునే మార్చి, దాని పేరు, పాత స్థితి, కొత్త స్థితి, తేదీ ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఫలితం చూడడానికి షట్ డౌన్ కాకుండా రీస్టార్ట్ చేయాలి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్నప్పుడు షట్ డౌన్ చేస్తే సర్వీసుల స్థితి డిస్కులో భద్రమై, మర్నాడు అదే తిరిగి వస్తుంది గాని అవి మొదటినుంచీ మొదలు కావు. మార్పు తర్వాత ఏదైనా చెడితే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్‌లోని స్టార్టప్ సెట్టింగ్స్ ద్వారా, అత్యవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, నోటుపుస్తకంలో రాసుకున్న పాత స్థితిని తిరిగి పెట్టండి. పెద్ద అప్‌డేట్ల తర్వాత కొన్ని సెట్టింగులు వాటంతట అవే మొదటికి రావచ్చు గనుక, అప్పుడు మరోసారి ఆ పుస్తకాన్ని తెరిచి పట్టికతో పోల్చి చూసుకోవాలి.