లాస్ వేగస్‌లో జూదశాలలకు ఆవల చూడవలసినవి

లాస్ వేగస్‌లో ఒక రోజును జూదశాలలకు దూరంగా గడపదలచినవారు ముందుగా అద్దె కారు మాట్లాడుకోవాలి. నగరానికి పడమట సుమారు 27 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెడ్ రాక్ కాన్యన్‌కే నేను మొదటి స్థానం ఇస్తాను. ఎర్రని ఇసుకరాతి కొండల నడుమ 21 కిలోమీటర్లు సాగే ఏకమార్గ రహదారిలో అక్కడక్కడా కారు ఆపి, కాలిబాటల వెంట కొండల దాకా నడవవచ్చు. అయితే అక్టోబరు నుండి మే వరకు పగటిపూట కారులో ఈ మార్గంలో ప్రవేశించడానికి ఆన్‌లైన్‌లో ముందే సమయం కేటాయించుకోవాలి. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కనుక, వేకువనే బయలుదేరి మంచినీళ్లు సమృద్ధిగా వెంట తీసుకువెళ్లాలి.

మధ్యాహ్నం ఎండ వేళకు నగరంలో నేరముఠాల చరిత్రను చూపే మాబ్ మ్యూజియం అనువైనది. 1933 నాటి ఫెడరల్ న్యాయస్థాన భవనంలో ఉన్న ఈ ప్రదర్శనశాలలో, వ్యవస్థీకృత నేరాలపై 1950లో సెనేట్ కమిటీ విచారణ జరిపిన గదిని స్వయంగా చూడవచ్చు. చరిత్రపై ఆసక్తి ఉన్నవారు దీనిని వదులుకోరాదు.

చీకటి పడ్డాక నియాన్ మ్యూజియంకు వెళ్లాలి. మూతపడిన హోటళ్ల పాత దీపఫలకాలను ఆరుబయట భద్రపరిచిన ఆ ప్రాంగణం రాత్రివేళే ఎక్కువ శోభిస్తుంది కాబట్టి, టికెట్టు ముందుగానే కొనుక్కోవడం మేలు.